తోట అమ్మి తోటలో నికా



ఈసారి రాసేది మా ఇంటి గొడవ. "ఘర్ కీ బాత్ బజార్లో పెడతావా?" అని భాయ్‌జాన్ కోప్పడతాడని తెలుసు. కానీ ఇవాళ మా ఇంట్లో ఉన్న గొడవ రేపు మీ ఇంటి గడప ఎక్కుతుంది. కొందరి ఇళ్లలో ఇప్పటికే వచ్చి వెళ్లిపోయింది, కిస్తీలు మాత్రం మిగిలాయి. అందుకే దాచకుండా రాస్తున్నా.

నూజివీడు దాటి ఆగిరిపల్లి వైపు పోతుంటే మాకో మూడెకరాల మామిడి తోట ఉంది. దాదా నాటిన చెట్లు. చిన్న రసాలే ఎక్కువ. గట్టు పొడుగునా పెద్ద రసాలు, ఒక మూల బంగినపల్లి, బోరు దగ్గర నాలుగు కలెక్టర్ చెట్లు. అబ్బా ఇంతెకాల్ అయ్యాక షరియత్ ప్రకారం అమ్మీకి ఎనిమిదో వంతు, మిగిలిందాంట్లో భాయ్‌జాన్‌కీ నాకూ రెండేసి వంతులు, ఆపాకి ఒక వంతు. గట్లేసి పంచుకోలేదు, నలుగురి పేరా కలిపే ఉంది. కొన్నేళ్లు పూత మీదే గుత్తకిచ్చేస్తాం, కొన్నేళ్లు నేనే దగ్గరుండి కోయిస్తా.

ఆ తోట అమ్ముదామంటున్నాడు భాయ్‌జాన్. బిడ్డ షాదీకి. షాదీ ఎక్కడ? ఇటలీలో. టస్కనీ అనే చోట, కొండల మధ్య, ఒక పల్లెటూరి విల్లాలో. ఆ విల్లా చుట్టూ ఏముంటుందో తెలుసా? తోట. ఆలివ్ చెట్లు, ద్రాక్ష తీగలు. అంటే మన తోట అమ్ముకుని ఇంకొకరి తోటలో నికా చేసుకోవడానికి నాలుగు వేల మైళ్లకి పైగా విమానంలో పోవాలన్నమాట.

దుల్హా వాళ్లు షరీఫ్ మనుషులే. మొదటి రోజే చెప్పారు: "జహేజ్ మాట ఎత్తొద్దు. జోడా డబ్బులు హరాం. మాకు పిల్ల చాలు." ఆ రాత్రి మా ఆడవాళ్లు రెండు రకాత్‌లు షుకరానా చదివారు. మూడు వారాలు గడిచాక మెల్లగా ఇంకో మాట వచ్చింది. "పిల్లలిద్దరూ ముచ్చట పడుతున్నారు. అటు ముప్పై మంది, ఇటు ముప్పై మంది. మూడు రోజులు. మా టికెట్లు మేమే కొనుక్కుంటాం." టికెట్లు వాళ్లవి. విల్లా, భోజనాలు, పూలు, ఫోటోలు, ఎయిర్‌పోర్టు నుంచి బస్సులు, అన్నీ పిల్ల తండ్రివి. జహేజ్ అడగని వాళ్లు జాగా అడిగారు.

ఈ శౌక్ ఎక్కడిదో వెతకక్కర్లేదు, అందరి ఫోన్లలో ఉంది. 2017 డిసెంబర్ 11న కోహ్లీ, అనుష్కా శర్మ టస్కనీలో పెళ్లి చేసుకున్నారు. 2023 నవంబర్ 1న మన వరుణ్ తేజ్, లావణ్యా త్రిపాఠి అదే టస్కనీలో బోర్గో శాన్ ఫెలీచే అనే చోట చేసుకున్నారు. నాలుగు రోజులకి తిరిగొచ్చి హైదరాబాద్‌లో రిసెప్షన్ పెట్టారు. వాళ్ల సొమ్ము, వాళ్ల షాన్, నాకేం తగాదా లేదు. పైగా సినిమా వాళ్లకి అదొక అవసరం కూడా. ఇక్కడ చేస్తే అభిమానులు గోడలు దూకుతారు. మన షాదీకి గోడ దూకేదెవరు? బిరియానీ వాసనకి వీధి చివరి పిల్లలు. దావత్ పెట్టేది వాళ్ల కోసం కూడా కదా.

ఆ బోర్గో శాన్ ఫెలీచే ఉన్నది కియాంతీ ప్రాంతంలో. వైన్‌కి ప్రపంచమంతా పేరున్న నేల. అంగూర్ హరాం కాదు, నేనూ తింటా. కానీ ప్లానర్ పంపిన మెనూలో మొదటి పేజీ అంతా ఆ అంగూర్ రసమే. "అది తీసేయించొచ్చు చాచా" అంది పిల్ల. తీసేయించారు. ఖర్చు తగ్గిందా? తగ్గలేదు. హలాల్ వంటమనిషి పేరుతో ఆ వరస మళ్లీ నిండింది. సాయంత్రం వయొలిన్లు వాయించే ముగ్గురికి ఇంకో వరస. సంగీతం జాయెజా కాదా అనే బహస్ ఇక్కడ పెట్టను. ఒక్కటే గుర్తు చేస్తా. పనస చెక్క తొలిచి వీణలు చేసే ముస్లిం చేతులు మన నూజివీడులోనే ఉన్నాయి. ఆ వీధికి ఆ ప్లానర్ ఎప్పుడూ రాడు.

ఇటలీ వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. నిజానికి వాళ్లకి సలాం కొట్టాలి. పల్లెల్లో సేద్యం గిట్టక జనం పట్నాలకి పోతుంటే, 1985లో ఒక చట్టం చేసుకున్నారు. రైతు తన సేద్యం సాగిస్తూనే పొలంలో ఉన్న ఇంట్లో మేహ్మాన్లని దించుకుని, తన పంటతో వండిపెట్టి సంపాదించుకోవచ్చు. అగ్రితూరిస్మో అంటారు దాన్ని. రాతి గోడల పాత ఇళ్లు అలా నిలబడ్డాయి. ఆలివ్ చెట్టు నరకనక్కర్లేకుండా ఆ చెట్టు నీడనే అద్దెకిచ్చారు. తెలివంటే అదీ. మనం ఏం చేస్తున్నాం? వాళ్ల చెట్టు నిలబడటానికి అద్దె కట్టాలని మన చెట్టు అమ్ముతున్నాం. మన తోట కొనేవాడు మామిడి కోసం కొనట్లేదు, ప్లాట్ల కోసం కొంటున్నాడు. వాడి దగ్గర రంగుల మ్యాప్ కూడా తయారైంది. అందులో దాదా చెట్ల చోట నలభై అడుగుల రోడ్డు ఉంది.

సరే, నికా సంగతికి వద్దాం. నికాకి ఏం కావాలి? ఈజాబ్, ఖుబూల్, ఇద్దరు గవాహ్‌లు, మెహర్. ఖుత్బా సున్నత్. విల్లా లేదు ఈ లిస్టులో. ఇది మీకు నేను చెప్పాలా? కానీ ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఇటలీ సర్కారుకి కొన్ని మతాలతో ఒప్పందాలు ఉన్నాయి. ఇస్లాంతో ఇంతవరకూ లేదు. కాబట్టి అక్కడ ఇమామ్ నికా చదివించినా మామూలుగా దానికి సర్కారీ విలువ రాదు. సర్కారీ పెళ్లే కావాలంటే మన కాన్సులేట్ నుంచి కాగితం తేవాలి, అక్కడి మునిసిపాలిటీ ముందు నిలబడాలి. అందుకని ప్లానర్ ఏమన్నాడంటే, "మీ ఊళ్లోనే ముందుగా సింపుల్‌గా నికా, రిజిస్ట్రేషన్ కానిచ్చేయండి. అక్కడ సింబాలిక్‌గా చేద్దాం."

ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అంటే అసలు నికా నూజివీడులోనే, ఖాజీ సాబ్ ముందర, ఐదుగురితో, ఒక మంగళవారం మధ్యాహ్నం అయిపోతుంది. మెహర్ అక్కడే రాస్తారు. ఖుబూల్ అక్కడే చెబుతారు. అల్లా దగ్గర వాళ్లు అప్పుడే మియా బీబీ. తర్వాత మూడెకరాలు అమ్మి చేసేది ఏంటి? షూటింగ్. ఖుబూల్ హై అని పిల్ల రెండోసారి కెమెరా కోసం చెప్పాలి. కన్నీళ్లు కూడా రెండోసారే. "టర్కీ అయితే ముస్లిం దేశమే కదా" అని భాబీ ఇంకో దారి చూపించింది. అక్కడా అంతే భాబీ. టర్కీలో సర్కారు ఒప్పుకున్న పెళ్లి ఒక్కటే చెల్లుతుంది. 2017 నుంచి ముఫ్తీలకి ఆ అధికారం ఇచ్చారు గానీ, ఉత్త నికాకి కాగితం లేదు.

ఇక మేహ్మాన్ల సంగతి. ముప్పై మంది ఎవరు? భాయ్‌జాన్ ఒక నోటుబుక్కులో పేర్లు రాశాడు. మొదటి పేరు అమ్మీది. రెండు రోజులకి ఆ పేరు కొట్టేశాడు. అమ్మీకి పాస్‌పోర్ట్ లేదు. రేషన్ షాపు మిషన్ మీదే అమ్మీ వేలిముద్ర పడదు, ప్రతి నెలా నాలుగైదు సార్లు వేలు తుడిచి పెట్టాలి. మోకాళ్లు వంగవు. పది గంటలు విమానంలో ఎలా కూర్చుంటుంది? ఈ పిల్లని పెంచింది అమ్మీయే. భాబీ టీచర్ ఉద్యోగానికి పోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాదీ చంకలోనే పెరిగింది. రుక్సతీ రోజు పిల్ల తల మీద ఖుర్ఆన్ నీడ పట్టేది తనేనని అమ్మీ ఎన్నేళ్లుగా చెబుతోందో. "నేను వీడియోలో చూస్తాలే బేటా" అంది మొన్న. భాయ్‌జాన్ ఆ మాటని అనుమతి అనుకున్నాడు. నేనలా అనుకోలేదు.

తర్వాత కొట్టేసిన పేర్లు చెబుతా వినండి. అబ్బా జనాజాకి భుజం పట్టిన పక్కింటి చాచా. పిల్లకి అలీఫ్ బే నేర్పిన ఉస్తానీ. తోటలో చిక్కం పట్టి ముప్పై ఏళ్లుగా కాయ కోస్తున్న మనిషి, సొన పడి చేతులు మచ్చలైన మనిషి. మా ఆపా అల్లుడు, ఎందుకంటే సెలవు దొరకదు. వీళ్లెవరినీ భాయ్‌జాన్ వద్దనలేదు. వీసా వద్దంది. బ్యాంకు స్టేట్‌మెంట్ వద్దంది. మన పెళ్లికి ఎవరు రావాలో మనం రాయట్లేదు, ఎంబసీ రాస్తోంది.

వీసా ఫీజు చూడండి. 2024 జూన్ 11 నుంచి షెంగెన్ వీసాకి పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. అరవై మంది పెద్దవాళ్లనుకుంటే 5,400 యూరోలు. యూరోకి వంద రూపాయలు వేసుకున్నా ఐదు లక్షల నలభై వేలు. వీసా రాకపోయినా అది తిరిగి రాదు. ఇంకా టికెట్ కొనలేదు, పువ్వు కొనలేదు. తెలంగాణలో 2014లో మొదలైన షాదీ ముబారక్ కింద ఒక గరీబు దుల్హన్‌కి ఇప్పుడు ఇచ్చేది 1,00,116 రూపాయలు. మన ఆంధ్రాలో 2022 అక్టోబర్‌లో షాదీ తోఫా అని లక్ష ప్రకటించినప్పుడు, దుల్హా దుల్హన్ ఇద్దరూ పదో తరగతి పాసవ్వాలని షరతు పెట్టారు. ఆ లక్ష కోసం తండ్రులు సచివాలయాల చుట్టూ కాగితాలు పట్టుకుని తిరిగారు. ఐదుగురు ఆడపిల్లల పెళ్లి సొమ్ము మనం వీసా కిటికీ దగ్గర ఇచ్చి రసీదు తీసుకుంటున్నాం.

హుజూర్ (స) ఒక వలీమా గురించి చాలా కటువుగా చెప్పారు. ధనవంతుల్ని పిలిచి, గరీబుల్ని వదిలేసే వలీమా తిండి అన్నిటికన్నా చెడ్డ తిండి అని ఆ హదీస్ సారం. బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. మనం ఇప్పటిదాకా ఆ హదీస్ తప్పించుకోవడానికి షాదీఖానా గేటు దగ్గర నాలుగు పొట్లాలు పంచేవాళ్లం. విల్లాకి ఆ గేటు కూడా లేదు.

పరదేశంలో నికా ఇస్లాంలో లేదా అని పిల్ల అడిగింది. చదువుకున్న పిల్ల, నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఇంజినీరింగ్ చేసింది, ఊరికే అడగదు. ఉంది బేటీ. ఉమ్మె హబీబా (ర) హబషాకి హిజ్రత్ చేసి అక్కడ ఒంటరి అయినప్పుడు, హుజూర్ మదీనాలో ఉండగానే, నజాషీ బాద్‌షా ఆ నికా జరిపించాడు. నాలుగు వందల దీనార్ల మెహర్ తనే ఇచ్చాడు. దావత్ తనే పెట్టాడు. ఆమె అక్కడ ఉంది కాబట్టి నికా అక్కడ జరిగింది. చూడ్డానికి బాగుంటుందని ఎవరూ సముద్రం దాటలేదు. ప్రయాణంలో వలీమా కూడా ఉంది. ఖైబర్ నుంచి తిరిగొస్తూ దారిలో హజ్రత్ సఫియ్యా (ర)తో హుజూర్ వలీమా జరిగింది. నేల మీద తోలు దస్తర్‌ఖాన్లు పరిచారు. ఖర్జూరాలు, జున్నులాంటి పనీర్, నెయ్యి. రొట్టె లేదు, గోష్త్ లేదు. ఎవరి దగ్గర ఏముంటే అది తెచ్చి కలిపారు, కాఫిలాలో ఉన్నవాళ్లంతా తిన్నారు. నోటుబుక్కులో ఎవరి పేరూ కొట్టేయలేదు.

ఇప్పుడు పిల్ల చెప్పిన రెండో మాట. ఇదే నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. "చాచా, ఇక్కడ చేస్తే మీరు రెండు వేల మందిని పిలుస్తారు. సగం మంది నా మొహం కూడా చూడరు. స్టేజీ ఎక్కి కవరిచ్చి, ఫోటో దిగి, మటన్ గట్టిగా ఉందని చెప్పుకుంటూ పోతారు. అప్పు నాన్నకి మిగులుతుంది. అక్కడైతే అరవై మందే. నాకు సాదాగా ఉండాలనే అక్కడ అంటున్నా."

నిజమే. అబద్ధం చెప్పి గెలవలేను. మా పెద్దాడి వలీమాలో నేనే తొమ్మిది రకాలు పెట్టించా. బిరియానీ, దాల్చా, చికెన్ సిక్స్టీ ఫైవ్, రెండు రకాల మీఠా, ఆపైన ఐస్‌క్రీమ్ కౌంటర్. రాత్రి ఒంటిగంటకి షాదీఖానా వెనక డ్రమ్ములో పడిన అన్నం చూశా. చూసి లైటు తీయించి ఇంటికొచ్చేశా. ఆ అప్పు తీర్చడానికి రెండు కాపులు పట్టింది. 2021లో ముస్లిం పర్సనల్ లా బోర్డు ఆసాన్ ఔర్ మస్నూన్ నికా అని ముహిమ్ నడిపినప్పుడు, మా మసీదులో ఆ ఇఖ్‌రార్‌నామా చదివి వినిపించారు. ఆమీన్ అన్నవాళ్లలో నేనూ ఉన్నా. అన్నవాళ్లమంతా తర్వాత ఏం చేశామో మనకి తెలుసు. కాబట్టి పిల్ల మా తరాన్ని నిలదీస్తే తల దించుకోవాల్సిందే.

కానీ బేటీ, రెండు వేల మందిని తగ్గించడానికి ఇటలీ అక్కర్లేదు. జుమా నమాజ్ అయ్యాక మసీదులో నికా పెట్టు. ఎవరి పేరూ కొట్టేయక్కర్లేదు, కార్డు అచ్చు వేయించక్కర్లేదు. ఉన్నవాళ్లు ఉంటారు, ఖర్జూరం తింటారు, దువా చేసి పోతారు. నికాని ఎలాన్ చేయమని ఎందుకన్నారు? నలుగురికీ తెలియాలని. ఎవరా నలుగురు? రేపు నీకేదైనా కష్టమొస్తే, అల్లా కాపాడుగాక, నీ మెహర్ ఎంతో, ఏ మాట మీద ఖుబూల్ అన్నారో చెప్పడానికి వచ్చి జమాత్‌లో కూర్చునే నలుగురు. ఆ విల్లా మేనేజర్ రాడు. వయొలిన్ వాయించినాయన రాడు. పక్కింటి చాచా వస్తాడు, చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తాడు.

2023 నవంబర్ 26న మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ కూడా విదేశాల్లో పెళ్లిళ్లు వద్దన్నారు. ఆయనతో నేను ఏకీభవించే సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు గానీ, ఇది రాస్తే ఆ జట్టులో కలిపేస్తారని ఒక దోస్త్ హెచ్చరించాడు. ఆయన ఫికర్ దేశం డబ్బు బయటికి పోతోందని. అదే విల్లా ఉదయ్‌పూర్‌లో ఉంటే ఆయనకి ఖుషీ. నాకు అప్పుడూ ఇదే ఏడుపు. అమ్మీ ఉదయ్‌పూర్ కూడా పోలేదు.

భాయ్‌జాన్‌కి ఒక మాట, అందరి ముందే. నువ్వు జహేజ్ ఇవ్వట్లేదని నలుగురిలో తల ఎత్తుకు తిరుగుతున్నావు. 1961 వరకట్న నిషేధ చట్టం పెళ్లి కోసం ఒక వైపు వాళ్లు నేరుగా గానీ, చుట్టు తిప్పి గానీ ఇచ్చే ఆస్తినే కట్నం అంటుంది. మన మెహర్‌ని మాత్రం అందులోంచి తీసేసింది. విల్లా అద్దె అందులోకి వస్తుందో రాదో వకీళ్లు తేల్చుకుంటారు. నేను అడిగేది వేరు. వాళ్లు ఆ మాట అనకపోతే నువ్వు ఈ తోట అమ్మేవాడివా? కాదంటే దాని పేరు జహేజ్. కారు అయితే కనీసం పిల్ల ఎక్కి తిరిగేది. ఇది మూడు రోజుల్లో ఆవిరి.

ఇంకొకటి. నికాలో సున్నత్ అయిన దావత్ ఒకటే, వలీమా. అది దుల్హా పెట్టేది. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) మదీనాలో నికా చేసుకుని హుజూర్‌ని కూడా పిలవలేదు. బట్టల మీద పసుపు అత్తరు మరక చూసి హుజూరే అడిగారు. పిలవలేదేమని కోపగించలేదు. ఒక్క మేకతోనైనా వలీమా పెట్టమన్నారు. ఎవరితో అన్నారు? దుల్హాతో. పిల్ల తండ్రి గురించి అక్కడ ఒక్క మాట లేదు. మన ముల్కులో అది తలకిందులై, తండ్రి తొమ్మిది రకాలు పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు విల్లా పెట్టాల్సి వస్తోంది.

దుల్హా వాళ్లకి నా అర్జీ ఇది. మీరు షరీఫులని మనసారా నమ్ముతున్నా, అందుకే అడుగుతున్నా. నికా మా మొహల్లా మసీదులో చేద్దాం. వలీమా మీరు పెట్టండి, మీ ఊళ్లో, మీ తాహత్ కొద్దీ, ఒక్క మేకే అయినా మేమంతా వచ్చి తింటాం. పిల్లలకి ఇటలీ చూడాలనుంటే తర్వాత ఇద్దరూ వెళ్లిరండి, ఇద్దరికి రెండు వీసాలు. తోటలోనే షాదీ కావాలంటే మాకు తోట ఉంది. ప్లానర్ చెప్పిన జూన్ అయితే మాత్రం కుదరదు. రసాలు మే నెలంతా కోస్తాం, జూన్‌లో కూడా కాయ దిగుతూనే ఉంటుంది, నేలంతా సొన, ఈగలు, ట్రాక్టర్లు. డిసెంబర్ ఆఖర్లో రండి. పూత మొదలవుతుంది, వాసన బాగుంటుంది, ఎండ ఉండదు.

నేను సంతకం పెట్టలేదు. ఆపా ఎటూ తేల్చలేదు. భాయ్‌జాన్ నాతో మాట్లాడి పదకొండు రోజులైంది, ఇషా నమాజ్‌లో పక్క సఫ్‌లో నిలబడి సలాం తిప్పగానే వెళ్లిపోతున్నాడు. అమ్మీని మాత్రం సోమవారం రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్తానన్నాడట. అక్కడా మిషన్ మీద వేలు పెట్టాలి. అమ్మీ నిన్న నన్ను పిలిచి, ఆ వేలు పడకపోతే ఏమవుతుందని అడిగింది.